పంచాయతీ అంటే సర్పంచ్ ఒక్కడేనా?

మన ఊర్లల్ల పంచాయతీ మీటింగ్ ఎట్ల జరుగుతదో అందరికీ ఎరుకే. పాలకవర్గం నెలనెలా కూసోవాలె, మాట్లాడుకోవాలె, తీర్మానం చేయాలె. అది చట్టం. కానీ చానా ఊర్లల్ల పాలకవర్గం కూసోదు, తీర్మానాల పుస్తకమే ఊరు తిరుగుతది. కార్యదర్శి ఆ పుస్తకాన్ని చంకల పెట్టుకొని ఒక మెంబర్ దగ్గరికి పొలం కాడికి పోతడు. ఇంకో మెంబర్‌ను హోటల్ కాడ చాయ్ తాగుతుంటే పట్టుకుంటడు. మూడో మెంబర్ ఆడామె అయితే ఇంటి అరుగు మీద ఆమె మొగనికి పుస్తకం అందిస్తడు. సంతకం ఎక్కడ పెట్టాల్నో వేలు పెట్టి చూపిస్తడు. పైన ఖాళీ. అందులో ఏం రాయాలన్నది తర్వాత సంగతి.

ఈ మాట చెప్తే నవ్వుతరు. మేమూ నవ్వినం. కానీ ఆలోచిస్తే నవ్వు రాదు. ఆ ఖాళీ కాయితం కింద పెట్టిన సంతకం ఆ మెంబర్‌ది కాదు, ఆమెకు ఓటేసిన వంద ఇండ్లది. ఆ వంద ఇండ్ల తరఫున ఎవడో ఏదో రాసుకుంటున్నడు.

2025 డిసెంబర్‌లో తెలంగాణ పంచాయతీలకు మూడు విడతల్ల ఎన్నికలయినయి. 12 వేలకు పైగా పంచాయతీలు, లక్షకు పైగా వార్డులు. ఓట్ల లెక్క అయిన రాత్రి నుంచే ఏ పార్టీకి ఎంతమంది సర్పంచ్‌లు అన్న లెక్క మొదలైంది. ఇవి పార్టీ గుర్తుల మీద జరిగే ఎన్నికలే కావు, అయినా పార్టీలు ఎవరి లెక్క వాళ్ళు చెప్పుకున్నయి. సరే, అది వాళ్ళ బతుకు. మేం అడిగేది వేరే. గెలిచిన ఆ లక్షమంది వార్డు మెంబర్ల ఊసు ఎవరన్నా ఎత్తిన్రా? వాళ్ళు దేనికి గెలిచిన్రో, వాళ్ళ పని ఏందో, వాళ్ళకు ఏం అధికారం ఉన్నదో ఎవరన్నా రాసిన్రా?

పంచాయతీ అంటే సర్పంచ్ అని మనకు అలవాటైపోయింది. రాజ్యాంగం అట్ల చెప్పదు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పంచాయతీ అంటే ఓటర్లు నేరుగా ఎన్నుకున్న సభ్యులతో ఏర్పడే సంస్థ అని అందులో ఉన్నది. మన దగ్గర సర్పంచ్‌ను కూడా ఊరంతా నేరుగానే ఎన్నుకుంటది. అయినా నిర్ణయం పాలకవర్గానిది, ఆ నిర్ణయాన్ని అమలు చేసే బాధ్యత సర్పంచ్‌ది. సర్పంచ్ ఇంటి ముందు బోర్డు ఉంటది, కారు మీద స్టిక్కర్ ఉంటది, నెలకు గౌరవ వేతనం ఉంటది. వార్డు మెంబర్‌కు ఏముంటది? మీటింగ్ కాడ ఒక కుర్చీ. మీటింగే లేకపోతే ఆ కుర్చీ కూడా లేదు.

కానీ వాడలున్న ఊర్లె వార్డు మెంబర్ కన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఇంకెవరు? ఏ గల్లీల వీధి దీపం మాడిపోయింది, ఏ బోరు మోటరు కాలింది, ఎవరి ముసలమ్మకు పింఛన్ ఆగింది, ఏ మోరి నీళ్ళు ఎవరి ఇంట్లకు వస్తున్నయి అన్నది మండలాఫీసుకు తెల్వదు. సర్పంచ్‌కు కూడా సగమే ఎరుక. పెద్ద ఊరైతే సర్పంచ్ ఒక దిక్కు ఉంటడు, ఎస్సీ వాడ ఇంకో దిక్కు ఉంటది. ఆ వాడ మాట పంచాయతీల వినపడాలంటే దిక్కు ఆ వార్డు మెంబరే. సర్పంచ్ ఒక వర్గం, మెంబర్లల్ల సగం ఇంకో వర్గం అయితే పని కాదని చానామంది అంటరు. మేం అట్ల అనుకోం. సర్పంచ్‌ను అడిగేటోడు లోపల ఒకడు ఉండాలనే గదా అంతమందిని ఎన్నుకున్నది. అందరూ ఒక్కడి మనుషులే అయితే ఎన్నిక ఎందుకు, ఆ ఒక్కడినే కూసోపెడితే పోయె.

2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని పెట్టింది. ఉప సర్పంచ్‌ను వార్డు మెంబర్లే తమలో నుంచి ఎన్నుకుంటరు కాబట్టి, ఊరి పైసల మీద పాలకవర్గం కన్ను ఉండాలన్నది లెక్క. ఆలోచన మంచిదే. అమలుకొచ్చేసరికి చానా జాగల్ల ఏమైంది? ఉప సర్పంచ్ ఎన్నిక రోజున మెంబర్లను క్యాంపులకు తీస్కపోవుడు మొదలైంది. లెక్క అడగనీకి పెట్టిన సంతకం వాటా అడగనీకి పనికొచ్చింది. ఊరికి రావాల్సిన పైసలు ఇద్దరి నడుమ పంతానికి నెలల కొద్దీ ఆగిన ఊర్లు కూడా ఉన్నయి. అట్లని ఆ రెండో సంతకమే వద్దని మేం అనం. మిగిలిన మెంబర్లు ముందట కూసొని, బిల్లు మీద ఏం రాసి ఉన్నదో చదివితే ఆ ఇద్దరూ దారిల ఉంటరు. వాళ్ళు కూసుంటలేరు, అదే బాధ.

ఇది లోపలి చెద. దీంట్ల మన తప్పు కూడా ఉన్నది, దాచుకునుడు ఎందుకు. ఏకగ్రీవం పేరు మీద సర్పంచ్ పదవిని వేలం పాడేది మనమే. గుడి కడతనంటే ఒకనికి, బోర్లు వేయిస్తనంటే ఇంకొకనికి అప్పజెప్తం. ఆ బేరంల వార్డులను కూడా కలిపి పంచుతం. పైసలు పెట్టి కొనుక్కున్నోడు పెట్టింది రాబట్టుకుంటడు గాని, మెంబర్లు అడిగితే లెక్క చెప్తడా? ఆడోళ్ళకు సగం సీట్లు వచ్చినయి. మస్తు సంతోషం. కానీ గెలిచిన ఆడబిడ్డను ఇంట్ల కూసోపెట్టి మొగడు మీటింగ్‌కు వస్తుంటే కుర్చీ జరిపి ఇచ్చేది కూడా మనమే. ఆఫీసర్లు కూడా ఆ మొగన్నే సర్పంచ్ సాబ్ అని పిలుస్తరు.

ఇక పై నుంచి పట్టిన చెద ఇంకా పెద్దది.

ఉమ్మడి రాష్ట్రంల పంచాయతీల గడువు 2011 ఆగస్టుల తీరింది. మళ్ళీ ఎన్నికలు 2013 జులైలో. రెండేండ్లు ప్రత్యేక అధికారుల పాలన. ఆ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టుల తీరితే, 2019 జనవరిలో ఎన్నికలు. ఇంకో ఆర్నెల్లు ప్రత్యేక అధికారులు. ఆ తర్వాత పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుకు తీరితే, కొత్తవి 2025 డిసెంబర్‌లో వచ్చినయి. ఇంకో ఇరవై రెండు నెలలు. మూడూ కలిపితే నాలుగేండ్లకు పైన మన ఊర్లకు ఎన్నికైన బోర్డు లేదు. ఇందులో మూడు ప్రభుత్వాల కాలం ఉన్నది, రెండు పార్టీల కాలం ఉన్నది. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోనే ఉన్నది, 243-ఇ అధికరణం. అసెంబ్లీ గడువు తీరి ఇరవై రెండు నెలలు ఎన్నికలు పెట్టకుంటే దేశమంతా లొల్లి అయితుండె. ఊరి బోర్డుకు అదే గతి పడితే లోపలి పేజీల చిన్న వార్త.

బీసీ రిజర్వేషన్లు తేలలేదు అన్నది ప్రతిసారీ వినిపించే కారణం. బీసీలకు వాళ్ళ జనాభాకు తగ్గ వాటా రావాలన్నది న్యాయమైన అడుగుడే, దాంట్ల మాకు రెండో మాట లేదు. 2025 సెప్టెంబర్‌లో 42 శాతం ఇస్తూ ప్రభుత్వం జీవో తెచ్చింది, అక్టోబర్‌లో హైకోర్టు దాన్ని ఆపింది, ఆఖరుకు పాత 50 శాతం పరిమితిలోనే ఎన్నికలు జరిగినయి. ఆ చిక్కు ఉంటదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన నాటి నుంచి తెలిసిందే. మరి గడువు తీరక ముందు ఏండ్ల కాలం ఏం చేసిన్రు? గడువు తీరినంక లెక్కలు మొదలు పెట్టుడు ఏంది? బీసీల వాటా కోసం ఆగినమని చెప్పి, బీసీ మెంబర్లతో సహా అందరినీ బయట నిలబెట్టిన్రు.

ఆ ఇరవై రెండు నెలలు ఊరు ఎట్ల నడిచింది? ప్రత్యేక అధికారికి ఆయన కొలువు ఆయనకు ఉన్నది, దాని మీద ఊర్లను కట్టబెట్టిన్రు. వచ్చినప్పుడు వచ్చిండు, రానప్పుడు రాలేదు. నల్లా రాకుంటే ఎవరిని అడగాలె? పంచాయతీ కార్యదర్శిని. ఆ పిల్లగాడు ఏం చేస్తడు, చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ పోయించనీకి సొంత జేబుల చేయి పెట్టిన కార్యదర్శులను మేం ఎరుగుదుం. ఇంకో సంగతి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీలకే అన్నది షరతు. బోర్డు లేకపోవుడంటే మీటింగ్ లేకపోవుడు మాత్రమే కాదు, ఢిల్లీ నుంచి ఊరికి రావాల్సిన పైసలు కూడా ఆగుడు. ఊర్లె వాళ్ళు చేసిన తప్పు ఏమీ లేకుంటనే.

ఎన్నికైన బోర్డు ఉన్న రోజుల్ల కూడా దాని పక్కన ఇంకో కమిటీని కూసోపెట్టుడు మన పాలకులకు పాత విద్య. 1997లో జన్మభూమి వచ్చింది. నోడల్ ఆఫీసర్ ఊర్లెకొచ్చి గ్రామసభ పెట్టేది, సర్పంచ్, మెంబర్లు ఒక పక్కన నిలబడేటోళ్ళు. వాటర్‌షెడ్‌కు ఒక కమిటీ, అడవికి వన సంరక్షణ సమితి, బడికి విద్యా కమిటీ, కాలువకు నీటి సంఘం. ఇందులో నీటి సంఘం సంగతి కొంచెం వేరే చెప్పాలె. 1997 చట్టం కింద రైతులే ఓట్లేసి ఎన్నుకున్న సంఘం అది, కాలువ కింది రైతు మాట కాలువ మీద చెల్లాలన్న ఆలోచన తప్పు కాదు. కానీ ఊరి చెరువు ఒక బోర్డుకు, ఊరి మోరి ఇంకో బోర్డుకు, ఊరి బడి మూడో బోర్డుకు పంచితే పంచాయతీకి మిగిలింది ఏంది? పుట్టుక సర్టిఫికెట్లు, ఇంటి పన్ను రశీదులు.

సొంత రాష్ట్రం వచ్చినంక ఈ విద్య మారిందా? 2017లో రైతు సమన్వయ సమితులు వచ్చినయి, జీవో 39. మెంబర్లను నామినేట్ చేసిన్రు. 2024లో ఇందిరమ్మ కమిటీలు వచ్చినయి, ఇండ్లు ఎవరికి రావాల్నో చూడనీకి. గద్దె మీద పార్టీ మారింది, పద్ధతి మారలేదు. నామినేట్ అయిన మనిషి ఎంత మంచోడైనా కానీ, ఆయన చూపు పేరు రాసినోని దిక్కే ఉంటది. ఎన్నికైన మెంబర్ చెడ్డోడైనా సరే, అయిదేండ్లకు ఒకసారి గల్లీలకు వచ్చి చేతులు జోడించాల్నే. ఇల్లు రాని పేదరాలు నామినేట్ అయినోన్ని ఏమని నిలదీస్తది? నాకు నువ్వు ఓటేసినవా అంటడు.

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్ల పంచాయతీలకు 29 అంశాలు రాసి పెట్టిన్రు. తాగునీళ్ళు, చిన్న సాగునీళ్ళు, బడి, ఆరోగ్యం, రేషన్, పశువులు, ఊరి తొవ్వలు, అన్నీ ఉన్నయి. మన ఊరి బడికి పంతులు రాకుంటే పంచాయతీ ఏం చేయగలదు? దవాఖాన సబ్ సెంటర్ తాళం తియ్యకుంటే? రేషన్ దుకాణంల తూకం తక్కువొస్తే? తీర్మానం రాసి మండలానికి పంపుడు, అంతే. అదే సర్పంచ్‌ను మాత్రం కలెక్టర్ సస్పెండ్ చేయొచ్చు, తీసేయొచ్చు. ఓటేసింది ఊరు, తీసేసేది కలెక్టర్. ఒక్క ఆఫీసర్ మీద అయినా ఆ పాటి అధికారం ఆ ఊరి బోర్డుకు ఉన్నదా?

ఇంకో రాష్ట్రంల ఎట్లున్నదో చూస్తే తెలుస్తది. కేరళల 1996లో ప్రజా ప్రణాళిక మొదలు పెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్ల 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు ఇస్తమని చెప్పిన్రు, ఇచ్చిన్రు. పైసలు ముందు ఇచ్చి, ఏం చేయాల్నో మీరే కూసొని తేల్చుకోండి అన్నరు. వార్డుల జనం కూసున్నరు, కొట్లాడుకున్నరు, రాసుకున్నరు. అక్కడ అంతా బంగారమే అని మేం అనం. కానీ చేతిల పైసలుంటే మీటింగ్ కూసోబెట్టనీకి ఎవరినీ బతిమాలే పని ఉండదు.

మన దగ్గర ఎట్ల? 2019 నుంచి పల్లె ప్రగతి. ప్రతి ఊరికి ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం. అన్నీ పనికిమాలినవని చెప్పం. వాన పడ్డప్పుడు శవాన్ని కాల్చ జాగ లేక తిప్పలు పడ్డ ఊర్లు ఎన్నో, అక్కడ వైకుంఠధామం కట్టుడు మంచి పనే. కానీ ఆ జాబితా రాసింది హైదరాబాద్‌ల. మా ఊరికి ముందుగాల మోరీలు కావాలె, వనం తర్వాత చూసుకుందం అని చెప్పే వీలు ఏ పాలకవర్గానికీ లేకుండె. మూడు వందల ఇండ్ల పంచాయతీ కూడా ట్రాక్టర్ కొన్నది, కిస్తులు కట్టింది, డీజిల్ పోసింది. పైనుంచి తొందర పెడితే సర్పంచ్‌లు అప్పులు తెచ్చి పనులు చేసిన్రు. గడువు తీరి దిగిపోయినంక వాళ్ళే బిల్లుల కోసం ధర్నాలు చేసిన్రు. పుస్తెలతాడు కుదువ పెట్టినమని చెప్పుకున్నోళ్ళు ఉన్నరు. పని చేయమన్నప్పుడు మీరు పాలకులు అన్నరు, పైసలడిగితే పోలీసులను పంపిన్రు.

అదే చట్టం ప్రతి పంచాయతీల నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలన్నది. పారిశుద్ధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చెట్లకు ఒకటి, పనులకు, సంతలకు ఒకటి. కాయితం మీద మస్తు మంచిగ ఉన్నది. ఇది చదివేటోళ్ళను ఒక్క మాట అడుగుతం. మీ ఊరి వీధి దీపాల సంఘంల ఎవరున్నరు? మేం అడిగిన ఊర్లల్ల ఆ సంఘంల ఉన్నోళ్ళకే తాము ఉన్నట్టు తెల్వదు.

తండాల సంగతి చెప్పకుంటే ఈ ముచ్చట తీరదు. మా తండాల మా రాజ్యం అని లంబాడ బిడ్డలు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. పక్క ఊరి పంచాయతీల ఒక వార్డుగా ఉన్నన్ని రోజులు తండాకు తొవ్వ రాలేదు, నల్లా రాలేదు. 2018 చట్టంతోటి తండాలు పంచాయతీలయినయి. ఇది చిన్న మాట కాదు, ఎవరు చేసినా మెచ్చుకోవాలె. కానీ ఆ పంచాయతీకి ఆమ్దానీ ఎక్కడిది? సంత లేదు, దుకాణాలు లేవు, సగం ఇండ్లు వలసపోయి తాళాలు వేసి ఉంటయి. ఇంటి పన్నుతోటి ఒక సఫాయి మనిషి జీతం కూడా వెళ్ళదు. మరి వాళ్ళ రాజ్యం నడిచేది పై నుంచి వచ్చే గ్రాంటుతోనే. ఆ గ్రాంటు ఆగితే తండా రాజ్యం ఆగినట్టే. పెద్ద ఊరికి పాలకవర్గం లేకుంటే అవస్థ, తండాకు లేకుంటే మళ్ళీ పాత రోజులే.

పట్నం వాళ్ళు మాకెందుకీ పల్లె ముచ్చట అనుకోవద్దు. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు 1991లో తీరితే, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2002లో. పదకొండేండ్లు ఇంత పెద్ద నగరానికి కార్పొరేటర్ లేడు. నాలాల మీద ఇండ్లు లేచింది, చెరువులు ప్లాట్లయ్యింది ఆ ఏండ్లల్ల ఎంతో, తర్వాత ఎంతో. అడగనీకి గల్లీకి ఒక మనిషి లేని కాలంల అది ఇంకా సులువైంది.

2014 జూన్ 2 దాకా మనం ఏమని కొట్లాడినం? మా నీళ్ళ మీద, మా పైసల మీద, మా కొలువుల మీద నిర్ణయం మా దగ్గర జరగాలె, ఎక్కడో కూసొని జీవో రాసి పంపుడు కుదరదు అన్నం. ఇప్పుడు అదే మాట ఒక ఊరు హైదరాబాద్‌ను అడిగితే తప్పెట్లయితది? దూరం తగ్గింది గాని, జీవో ఇంకా పై నుంచే వస్తున్నది.

కొత్త పాలకవర్గాలు కూసున్నయి. వాళ్ళకు అయిదేండ్ల గడువు ఉన్నది. మేం అడిగేది పెద్ద పెద్ద చట్టాలు కాదు, అవి వచ్చేటప్పుడు వస్తయి. మీటింగ్ ఏ రోజో రెండు రోజుల ముందు డప్పు కొట్టించి చెప్పాలె, ఏం మాట్లాడుతరో పంచాయతీ గోడ మీద అంటించాలె. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని చట్టంలనే ఉన్నది, ఆ సభల నగదు పుస్తకం బయటికి చదవాలె. ఏ పనికి ఎంత, ఎవరికి చెక్కు, ఏ తారీఖు. ఒప్పుకోని మెంబర్ ఉంటే, ఒప్పుకోలేదని తీర్మానం కిందనే రాయించాలె. వార్డు ఆడబిడ్డ ఖుద్దుగ వచ్చి కూసోవాలె, ఆమె మొగడు వస్తే గుమ్మం కాడనే ఆపాలె. వీటికి సర్కారు నుంచి పైస రానక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదు.

ఈ నెల కూడా కార్యదర్శి పుస్తకం పట్టుకొని వస్తడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఒక్క మెంబర్ అయినా "పైన ఏం రాసినవో ముందు చదువు, మీటింగ్ ఎప్పుడో చెప్పు, అక్కడికే వచ్చి పెడ్త" అంటే ఆ పిల్లగాడు ఏం చేస్తడు? పుస్తకం మూసి, సర్పంచ్ ఇంటికి పోయి చెప్తడు. సర్పంచ్‌కు కోపం వస్తది. వారం రోజుల్ల మీటింగ్ పెడ్తడు.